గడ్డి గులాబీల ఉట్లు

పెళ్లికి ముందు గంగాదేవి జొన్నాడలో హైవే పక్కనున్న ఒక నర్సరీలో పనిచేసేది. కుండీ అంచుల మీంచి జారి కిందికి వేలాడే పూలమొక్కలంటే ఆమెకు ప్రాణం. అందుకే అంతర్వేదికి కాపురానికి వస్తూ సారె సామానుతో పాటు నాలుగు పెటూనియా కుండీలు కూడా ఆటోలో ఎక్కించుకుంది.

అత్తగారు అప్పలమ్మ వాటిని చూసి పెదవి విరిచింది. "ఇది సముద్రపొడ్డమ్మాయ్. ఉప్పుగాలి ఇనప తలుపుల్నే తినేస్తాది. నీ పూలెంత?"

ఆమె అన్నట్టే అయింది. నెల తిరక్కుండానే ఆకుల అంచులు మాడి, తీగలు ఎండుగడ్డిలా మిగిలాయి. గంగాదేవి ఆ పూట అన్నం సరిగా తినలేదు. సముద్రంలో చేపల వేటకు వెళ్లొచ్చిన భర్త గంగబాబు అది గమనించాడు. సాయంత్రం బజారుకెళ్లి ప్లాస్టిక్ పూలదండ తెచ్చి చూరుకు కట్టాడు.

"ఇవైతే ఎండిపోవు కదా," అన్నాడు.

ఆమెకు నవ్వాగలేదు. మర్నాడు నర్సరీ మేస్త్రీ త్రిమూర్తులుకు ఫోన్ చేసి సంగతంతా చెప్పింది.

"పెటూనియా సుకుమారమమ్మా. అక్కడికి గడ్డి గులాబీయే సరి," అన్నాడాయన. "దానికి ఇసకా కావాలి, ఎండా కావాలి. నీళ్లు మాత్రం మట్టి ఆరితేనే పొయ్యి."

"ఆయ్, అలాగే బాబాయ్. కాసిని కొమ్మలు పంపుతారేంటండీ?"

ఎరుపు, పసుపు, తెలుపు రకాల కొమ్మలు తడిగుడ్డలో చుట్టి, నరసింహస్వామి దర్శనానికి వస్తున్న వాళ్ల చేతికిచ్చి పంపాడాయన. గంగాదేవి పాత డీజిలు డబ్బాల్ని సగానికి కోసి, అడుగున చిల్లులు పెట్టింది. ఇసక, కొబ్బరిపొట్టు, మాగిన పేడఎరువు కలిపి నింపి కొమ్మలు గుచ్చింది. అవి వేళ్లూని సాగుతుంటే చివుళ్లు తుంచడం మొదలుపెట్టింది.

"పెంచుతానని తెచ్చి తుంచేస్తావేంటే?" అంది అప్పలమ్మ.

"తుంచితే పక్కకొమ్మలొస్తాయండి అత్తయ్యా. గుబురుగా కిందికి జారతాయి."

మొక్కలు అంచు దాటగానే ప్లాస్టిక్ తాడుతో చూరుకు వేలాడదీసింది. ఆ వారమే పెద్దగాలి వీచింది. ఒక డబ్బా ఊగి ఊగి, తాడు జారి, కింద అప్పలమ్మ ఆరబోసుకున్న మెత్తళ్ల మీద పడింది. వెండిరేకుల్లా మెరుస్తున్న చిన్నచేపల నిండా మట్టి, పేడ!

అప్పలమ్మ జారిన తాడు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది గంగాదేవికి. మెత్తళ్లన్నీ ఏరి, కడిగి, మళ్లీ ఆరబోసింది. మిగతా డబ్బాలు కూడా దింపేసి పెరట్లో గోడవార పెట్టేసింది.

మర్నాడు పొద్దున్న లేచి చూస్తే వసారాలో అత్తగారు వల అల్లే సూది పట్టుకుని కూర్చుంది. ఒళ్లో పాత వల ముక్కలు. పక్కన నిన్న జారిన తాడు.

"ఇదో ముడా?" అని తాడు ఎత్తి చూపించింది. "దీంతో పడవ కడితే పడవ కూడా పోద్ది. మా ఇంటి చూరుకి ఇలాంటి ముడి కట్టేవని నలుగురూ చూస్తే నాకెంత సిగ్గు!"

గంగాదేవి తెల్లబోయింది. "మీకు మొక్కల మీద కోపం కాదాండీ?"

"మొక్కేం చేసింది? రా, ఇలా కూర్చో."

మధ్యాహ్నానికల్లా డబ్బాకొకటి చొప్పున ఉట్లు తయారయ్యాయి. ఊగకుండా అడుగు నుంచి కూడా ఒక తాడు తీసి గుంజకు బిగించింది అప్పలమ్మ. పొద్దుటి ఎండ పడుతూ, సముద్రపు గాలి నేరుగా తగలని పక్క చూసి కట్టించింది. మెత్తళ్ల చాపను తనే దూరంగా జరుపుకుంది.

పూలు విచ్చిన రోజు అప్పలమ్మ ఇరుగమ్మనీ పొరుగమ్మనీ పిలుచుకొచ్చింది. తీరా వాళ్లొచ్చేసరికి ఎండ వాలింది, పూలన్నీ ముడుచుకున్నాయి.

"అయ్యో, చచ్చిపోయేయే అమ్మాయ్!" అని ఆమె గుండె బాదుకుంది.

"పడుకున్నాయండీ అత్తయ్యా! ఎండెక్కితే రేపు కొత్తవి విచ్చుకుంటాయి."

అందరూ పగలబడి నవ్వారు. అందరికంటే ఎక్కువ అప్పలమ్మే నవ్వింది.

మర్నాడు ఎండెక్కాక ఎదురింటి సరోజిని వచ్చింది. పసుపూ ఎరుపూ కలిసి గుత్తులుగా జారుతున్న పూలను చూసి అక్కడే నిలబడిపోయింది. "నాకూ ఒకటి కావాలి పిన్నిగారూ," అంది.

"కొమ్మలు మా కోడలిస్తాది, ఉట్టి నేనల్లుతాను. డబ్బా నువ్వు తెచ్చుకో," అంది అప్పలమ్మ దర్జాగా. "నీళ్లు మాత్రం మట్టి ఆరితేనే పొయ్యాలి, తెలిసిందా?"

వంటింట్లోంచి ఆ మాటలు వింటున్న గంగాదేవి పమిట అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

ఆ వారమంతా వీధిలో ఆడవాళ్లు డబ్బాలు పట్టుకుని వస్తూనే ఉన్నారు. ఒకరోజు గంగబాబు వేట నుంచి ఆకలితో వచ్చేసరికి వసారాలో అమ్మ ఉట్లు అల్లుతోంది, భార్య కొమ్మలు తుంచుతోంది. పొయ్యి మీద గిన్నె లేదు.

"అన్నం?" అన్నాడు.

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. గంగబాబు కాళ్లు కడుక్కుని, బియ్యం డబ్బా మూత తీశాడు.