ముందే పలికిన టక్కు

నేను ఒక టార్క్ రెంచిని. బోల్టు ఎంత బిగియాలో నా పిడి తిప్పి అంకె పెడతారు. బిగువు అంతకు చేరగానే ‘టక్కు’మంటాను. పని ముగిశాక పిడిని మళ్లీ చివరి గీతకు దించాలి. లేకపోతే లోపలి స్ప్రింగు అలసిపోయి నా మాట తప్పుతుంది.

పుట్టింది పుణెలో. కొన్నేళ్లు ఒక పంపుల కంపెనీలో ఉన్నాను. అక్కడ నేను టక్కుమన్నాక కూడా కాలితో తొక్కి మరీ బిగించేవారు. మనుషులకు చాలు అన్న మాట వినపడదు. ఆ కంపెనీ మూతపడ్డాక బాలానగర్‌లోని ఈ వర్క్‌షాపుకు వచ్చాను. భూమి చుట్టూ తిరిగే ప్రయోగశాల కోసం ఇక్కడ గాలిపెట్టె తయారవుతోంది. లోపల ఉండేవాళ్లు వదిలిన ఊపిరినే శుభ్రం చేసి మళ్లీ వాళ్లకు అందిస్తుందట. దాని మూతకు ఇరవై నాలుగు బోల్టులు. వాటిని బిగించేది పుష్పలీల. పోపులో ఆవాల చిటపట విన్నంత శ్రద్ధగా నా చప్పుడు వినేది.

నవరాత్రులకు సూపర్‌వైజర్ రాజలింగం నన్ను పూజాపీఠం మీద పెట్టాడు. పిడి ముప్పై మీదే ఉంది.

“సార్, చివరి గీతకు దించి పెడదాం. స్ప్రింగు పాడైతది,” అంది పుష్పలీల.

“పూజల పెట్టినంక కదుపుతరా లీలమ్మా? తొమ్మిది రోజులు ముట్టేది లేదు.”

ఆమె మాటే నిజమని నాకు తెలుసు. అయినా బంతిపూల దండ పడగానే పొంగిపోయాను. తొమ్మిది రోజులూ నొప్పిని హారతి వెచ్చదనం అనుకున్నాను.

పండగ తర్వాత పుష్పలీల ఇరవై నాలుగు బోల్టులూ బిగించింది. ఇరవై నాలుగుసార్లూ నేను ముందే టక్కుమన్నాను. పరీక్షలో మూత సందుల్లోంచి గాలి కారింది.

“ఇంట్ల ఏం పరేషానో ఏమో, పని మీద మనసు లేదు సార్,” అన్నాడు రాజలింగం పెద్ద ఇంజినీరుతో. ఆమెను ఆ పని నుంచి తప్పించే కాగితం కూడా సిద్ధమైంది.

“చప్పుడు విన్నంకనే చెయ్యి ఆపిన సార్. ఒక్కసారి రెంచిని పరీక్షకు పెట్టున్రి,” అంది పుష్పలీల.

“పూజ చేసినదాన్నే అనుమానిస్తవా?” అన్నాడు రాజలింగం.

“దండం నేను గూడ పెట్టిన సార్. దండం దండమే, కొలత కొలతే.”

పెద్ద ఇంజినీరు నన్ను కొలిచే యంత్రానికి తగిలించాడు. ముప్పై దగ్గర పలకాల్సినదాన్ని ఇరవై అయిదు దగ్గరే పలికాను. రెండోసారీ అంతే. మూడోసారి రాజలింగం స్వయంగా తిప్పాడు. ఇరవై అయిదే. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు మొహమే ఉంటే ఎక్కడ దాచుకునేదాన్నో. పెద్ద ఇంజినీరు కాగితం చింపేశాడు.

ఇప్పుడు నేను అద్దాల బీరువాలో ఉన్నాను, ‘వాడరాదు’ అన్న ఎర్ర చీటీతో. కొత్తవాళ్లకు పని నేర్పేది పుష్పలీలే. నిన్న నన్ను చూపించి జరిగింది చెబుతుంటే, వెనక రాజలింగం నిలబడి ఉన్నాడు.

“దించుడు మరిచింది ఎవరు మేడం?” అని ఒక అమ్మాయి అడిగింది.

ఇక ఆయన పేరు వస్తుందనుకున్నాను.

“మేమే,” అంది పుష్పలీల. “దండ పక్కకు జరిపి ఒక్క తిప్పు తిప్పే తెలివి లేకపాయె మాకు.”

రాజలింగం వంగి బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకోసాగాడు. ఆ ‘మేమే’లో ఆమె పాలు ఏమీ లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.