కుడిచేతి సగం

బాస్టన్‌కి కాస్త దూరంలో ఉన్న ఆ వూళ్లో ఏటా మార్చిలో జరిగే వూరి సభలో, అందరికంటే చివర పెళ్లయిన మగవాణ్ని 'కంచెల పెద్ద'గా ఎన్నుకుంటారు. అదో వేళాకోళం. కొత్త పెళ్లికొడుకుని నిలబెట్టి, చప్పట్లు కొట్టి, నవ్వుకుని, సూప్ తాగి ఇళ్లకి పోవడమే తప్ప, కంచె తగాదా అంటూ ఎవరూ వచ్చిన దాఖలా లేదు. ఈ ఏడు టోబిన్ వంతు. అతనూ అందరితోపాటు నవ్వాడు. ఆకురాలు కాలం వచ్చి మేపుల్ చెట్లు ఎర్రబడే వేళకి తను ఈ వూళ్లో ఉంటే కదా అనుకున్నాడు.

అక్టోబరు వచ్చింది. సముద్రపుటొడ్డున పడవలు తయారుచేసేచోట పని కూడా ఖాయమైంది. సోమవారం చేరాలి. చిన్నప్పటినుంచీ అతనికి పడవల పిచ్చి. సంగతి భార్య కోరిన్‌కి మాత్రమే తెలుసు. చెప్పాల్సినవాళ్లు ఇద్దరున్నారు. తన ఇంటి పై అంతస్తులో వాళ్లని ఉంచుకున్న కోరిన్ అమ్మమ్మ హెస్టర్, గొర్రెల దొడ్లో పనిచ్చిన పక్కింటి రాయిస్. రోజూ పొద్దున చెప్పేద్దామని మెట్లు దిగుతాడు. ముసలావిడ వేడి పాన్‌కేకులు పళ్లెంలో వేసి "తిను నాయనా, చిక్కిపోతున్నావు" అనగానే మాట గొంతు దిగిపోతుంది. పిరికివాడా అంటే కాదు. మంచివాళ్ల మధ్య పడ్డాడు పాపం, అదే వచ్చిన చిక్కు.

సరిగ్గా అప్పుడే రాయిస్ హెస్టర్ కంచెమీద ఫిర్యాదు పెట్టాడు.

హెస్టర్ ఇల్లు ఆ దేశానికి స్వాతంత్ర్యం రాకముందు, రెండున్నర శతాబ్దాల కిందట కట్టింది. గోడకి పలక కూడా ఉంది. చూడవచ్చినవాళ్లు ఆ పలక చదవరు, ఆ ఇంటికీ రాయిస్ దొడ్డికీ మధ్యనున్న కంచె చూస్తారు. గుంజల తొర్రల్లో దూర్చిన చీల్చిన దేవదారు అడ్డకర్రలు, ఒక్క మేకు లేదు. ఎండకీ మంచుకీ వెండిరంగు తేలి, నాచు పట్టి, సగం పొడవునా పక్కకి వొరిగిపోయింది. అందమా అంటే అందమే, కాదనను. ఆ అందంలోంచే రాయిస్ గొర్రెలు దూరి, హెస్టర్ తోటలో రాలిన ఆపిళ్లు మెక్కి, కడుపులుబ్బి పడుకుంటున్నాయి.

శనివారం వూరు సగం డోనట్లు పట్టుకుని తీర్పు వినడానికి వచ్చింది. టోబిన్ కంచె నడిమధ్యన నిలబడ్డాడు. ఇటు హెస్టర్, అటు రాయిస్.

"హెస్టరక్కా, కర్రలు పుచ్చిపోయాయి. మార్చవేం?" అన్నాడు రాయిస్.

"మారుస్తానా! బాస్టన్ నుంచి జనం కార్లేసుకుని వచ్చేది ఈ నాచు కోసంరా."

"నా గొర్రెలు నాచు తినవు, అదేగా నా ఏడుపు!"

అందరూ గొల్లుమన్నారు. కోరిన్ ఆపిల్ చెట్టు కింద నిలబడి భర్తకేసి కళ్లతోనే 'ఇవాళైనా చెప్పు' అంది.

చెప్పేస్తానని టోబిన్ మనసు గట్టి చేసుకున్నాడు. ముందు తీర్పు, వెంటనే పడవల సంగతి. సోమవారం వెళ్లిపోయేవాడికి ఎవరలిగితే ఏం? తీర్పు ఎలాగూ తేలికే. ఎవరి నేలమీద వాళ్లు కంచె మధ్యన నిలబడి ఎదురుగా చూస్తే, కుడిచేతి వైపు సగం వాళ్లు బాగుచేసుకోవాలి. ఆ వూరి కట్టుబాటు అంతే. హెస్టర్ నేలమీద నిలబడి చూశాడు. కుడిచేతికి ఆ నాచు పట్టిన సగమే వచ్చింది.

"అమ్మమ్మగారూ, ఏమీ అనుకోకండి. ఈ సగం ఈ ఇంటిదే. మంచు పడేలోగా ఇంటివాళ్లే బాగుచేయాలి" అన్నాడు. ఆ వూపులోనే "ఇంకో మాట, నేను..." అని మొదలుపెట్టాడు.

హెస్టర్ అలగలేదు. చేతికర్ర నేలకి తాటించి నవ్వింది.

"భేష్! బాగా చెప్పావు. ఇంటిదే. ఇల్లు మీ ఇద్దరి పేర రాయించేశాను, మొన్న మంగళవారం నాడు. కనక ఆ కంచె నీదే నాయనా. నీ తీర్పు నీకే!"

చప్పట్లు మోగాయి. రాయిస్ ఒక్క అంగలో కంచె దాటి వచ్చి టోబిన్‌ని కావలించుకున్నాడు. "దేవదారు దుంగలు నేనిస్తా. దొడ్డి పనికి సెలవు తీసుకో" అని, చెవిదగ్గర గొంతు తగ్గించి, "ఆ పడవలాయన నాకు ఫోన్ చేశాడ్రా, నువ్వెలాంటి పనివాడివని. బంగారంలాంటి కుర్రాడు, మేమైతే వదలమని చెప్పా. హెస్టరక్కకీ చెప్పా" అన్నాడు.

టోబిన్‌కి అంతా అర్థమైంది. ఎన్నడూ ఒక్క మాటమీద నిలబడని వీళ్లిద్దరూ ఈసారి ఒక్కటయ్యారు. ఫిర్యాదూ, జనమూ, డోనట్లూ, అన్నీ తనని ఆపడానికే. కోపం ముంచుకొచ్చింది. అరుద్దామని నోరు తెరిచాడు. ఎవరిమీద అరవాలి? రాయిస్ కళ్లు తడిసి ఉన్నాయి. ముసలావిడ ఇంకా అతనికేసి చూసి నవ్వుతోంది. ఇల్లే రాసిచ్చినావిడని ఏమని అరుస్తాడు?

కోరిన్ కోసం చూశాడు. ఆమె ఒక్కతి 'పోదాం' అంటే చాలు, ఇద్దరూ ఇప్పుడే బయల్దేరిపోవచ్చు. కోరిన్ అప్పటికే అమ్మమ్మని చుట్టేసుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. "మన ఇల్లా అమ్మమ్మా? నిజంగా మనదేనా?" అంటోంది. అతనికేసి చూడనే లేదు. సోమవారం ఇక రాదని అప్పుడు తెలిసింది టోబిన్‌కి.

ఆధారం కోసం అడ్డకర్రమీద చెయ్యి వేశాడు. మేకు లేని కర్ర. రెండు లాగేస్తే చాలు, గొర్రె కూడా దాటిపోతుంది. లాగలేకపోయాడు.

రోడ్డు పక్కన కారు ఆగింది. ఎర్ర కోటు తొడుక్కున్న ఆవిడ కెమెరా పట్టుకుని దిగింది.

"అబ్బ, ఎంత బావుందో! పాత కంచె, దాన్ని ఆనుకుని పల్లెటూరి పిల్లాడు! బాబూ, నువ్వలాగే ఉండు. అక్కణ్నుంచి కదలకు."

టోబిన్ కదలలేదు.