పెద్ద మెకానిక్కు పెళ్ళాం బండి

తన పెళ్ళాం బండి మీద ఇంకొకడి చెయ్యి పడిందని పెద్ద మెకానిక్కుకి శనివారం సాయంత్రం తెలిసింది. బండిని వాకిట్లోంచి లోపలికి తోస్తూ ఊరికే క్లచ్ నొక్కాడు. వేళ్ళకి అలవాటైన బరువు తగల్లేదు. మళ్ళీ నొక్కాడు. లివర్ మారుమాట్లాడకుండా మెత్తగా లోపలికి వచ్చేసింది. ఇరవై రెండేళ్ళుగా బండ్ల మధ్యే బతుకుతున్న మనిషికి, ఇది దానంతటదే జరగదని ఒకరు చెప్పక్కర్లేదు.

లోపల ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. బండి ఎవరు చూశారని అడిగాడు. మా చెల్లెలి మొగుడు చూశాడని నిమ్మకు నీరెత్తినట్టు చెప్పింది. ఎంతసేపు పట్టిందంటే గంట అంది. గంటసేపు ఏం చేశాడంటే, చూశాడు అని మాత్రం చెప్పి, దుప్పటి రెండో కొస పట్టుకోమని అతని చేతికిచ్చింది. కొసలు కలిపి మడిచేలోపు అతనికి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

ఆ చెల్లెలి మొగుడు వరసకి తోడల్లుడు. ఈయన షెడ్డులోనే మూడేళ్ళు పానాలు పట్టడం నేర్చుకుని, మూడు వీధుల అవతల సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. చుట్టుపక్కల వాళ్ళకి ఈయన పెద్ద మెకానిక్కు, అతను చిన్న మెకానిక్కు. ఆ పిలుపులు అలా ఉన్నంతకాలం ఈయనకి ఏ బాధా లేదు. కానీ ఈ మధ్య జనం, చిన్న మెకానిక్కు నెమ్మదిగా చేసినా నికరంగా చేస్తాడని అనుకోవడం మొదలుపెట్టారు. ఆ షెడ్డు ముందు నాలుగు బండ్లు వరసగా నిలబడి ఉంటే చూసి పెద్ద మెకానిక్కు కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాడు. మనసులో అతనికి పెట్టుకున్న పేరు నంగనాచి. ఎదురుపడితే మాత్రం ‘ఏం తమ్ముడూ’ అని భుజం తట్టేవాడు. తోడల్లుళ్ళన్నాక ఆ మాత్రం నటన ఉండాలి కదా.

బయటి బండ్లు ఎటు పోయినా పోనీ అనుకోవచ్చు. సొంత పెళ్ళాం బండి ఆ షెడ్డుకి వెళ్తే ఎలా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?

న్యాయంగా చెప్పాలంటే ఆమె మొదట భర్తకే చెప్పింది. ఆమె నర్సు. ఆసుపత్రి తరఫున మంచం దిగలేని రోగుల ఇళ్ళకి వెళ్ళి కట్లు మార్చి వస్తుంది. రోజుకి పదిహేను ఇళ్ళు. అన్నీ ఇరుకు సందులే. సందు మలుపు తిరిగినప్పుడల్లా క్లచ్ నొక్కాలి. మూడు నెలలుగా ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి. మొదటిసారి చెప్పినప్పుడు అతను రెండు వేళ్ళతో లివర్ నొక్కి, పువ్వులా ఉందే అన్నాడు. రెండోసారి కేబుల్ మార్చాడు. మూడోసారి, షెడ్డులో నలుగురు బేరగాళ్ళు ఉండగా, ఇంట్లో నా చెవి మెలిపెట్టేటప్పుడు వచ్చే బలం క్లచ్ దగ్గర ఏమైపోతుందో అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత మళ్ళీ చెప్పలేదు. నొప్పి పోయిందనుకున్నాడు మహానుభావుడు.

పోలేదు. కట్టు కట్టేటప్పుడు గుడ్డ చేతిలోంచి జారుతోందని ఆసుపత్రిలో పెద్ద నర్సమ్మ కనిపెట్టింది. తిరుగుడు పని ఉంచుకుంటావో, మందుల గదిలో కూర్చుంటావో సోమవారం సాయంత్రంలోగా తేల్చమంది. ఆ మందుల గదికి కిటికీ లేదు. కాలికి బలపం కట్టుకుని తిరిగే మనిషి అందులో వారం రోజులు కూడా కూర్చోలేదని అతనికీ తెలుసు. తెలిసి ఏం లాభం?

ఆదివారం ఆమె చెల్లెలింటికి వెళ్ళగానే బండిని షెడ్డుకి తెచ్చి తలుపు ఓరగా వేశాడు. నంగనాచి ఏం చేశాడో అణువణువూ చూశాడు. హెడ్‌లైటు వెనక ఒత్తుకుపోతున్న కేబుల్‌ని వదులుగా, మెలిక లేకుండా తిప్పాడు. ఇంజిన్ దగ్గర కేబుల్ తగులుకునే ఇనప చెయ్యి తీసేసి, కాస్త పొడుగుదాన్ని పెట్టాడు. పైన లివర్ కూడా మార్చాడు. అది చిన్న బండి లివర్. హ్యాండిల్‌కి అంగుళం దగ్గరగా ఉంది. వంక పెట్టడానికి బండిని వీధి ఈ చివర నుంచి ఆ చివరకి మూడుసార్లు నడిపాడు. గేరు గట్టిగా పడుతుందేమో చూశాడు, పడలేదు. క్లచ్ ప్లేట్లు పూర్తిగా విడడం లేదేమో చూశాడు, విడుతున్నాయి. ఎంత కోడిగుడ్డుకి ఈకలు పీకినా ఒక్కటీ రాలేదు. అప్పుడు మండింది అసలు మంట.

బాగా లేకపోతే తిట్టి ఊరుకునేవాడు. బాగుంది కాబట్టే అన్నీ ఊడబీకి చెత్త డబ్బాలో పడేశాడు. నంగనాచి సంచిలో కట్టి ఇచ్చిన పాత లివర్ పెట్టాడు. పాత చెయ్యి పెట్టాడు. దీనికంటే మెత్తగా చేసి చూపిస్తాననుకుని, ఇంజిన్ పక్క మూత విప్పి, క్లచ్ ప్లేట్లని ఒత్తి పట్టే స్ప్రింగులు తీసి, చిన్న బండివి, బలం తక్కువవి వేశాడు. ఈ పని ఎవరైనా చేసుకొస్తే చీవాట్లు పెట్టేవాడు అతనే. స్ప్రింగులో బలం లేకపోతే బరువు మీద, ఎత్తు ఎక్కేటప్పుడు ప్లేట్లు జారతాయని పదిమందికి పాఠం చెప్పినవాడు అతనే. అన్నీ తెలుసు. కానీ లివర్ నొక్కితే చిటికెన వేలికి కూడా లొంగుతోంది. నంగనాచి పని దీని ముందు దిగదుడుపు అనుకుని, బరువేమీ లేకుండా, చదునైన వీధిలో ఒక్క చుట్టు తిప్పి, చాలా బాగుందని తనకి తనే చెప్పుకున్నాడు.

సాయంత్రం ఆమె లివర్ నొక్కి చూసింది. “బాగుంది” అంది. లివర్ మళ్ళీ దూరం జరిగిందని ఆమెకి తెలియకుండా ఉంటుందా? అతను మాత్రం ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

సోమవారం పొద్దున్న వెనక మందుల పెట్టె కట్టుకుని వెళ్ళింది. ఐదో ఇల్లు కొండవార వీధిలో ఉంది. ఆ ఎత్తు సగం ఎక్కేసరికి ఇంజిన్ అరుస్తోంది గానీ బండి కదలడం లేదు. కాలిన వాసన మొదలైంది. దిగి తోసింది. ఆ చేత్తోనే.

మధ్యాహ్నం పన్నెండింటికి పెద్ద మెకానిక్కు షెడ్డు ముందు ఆగింది, బండి తోసుకుంటూ. మొహమంతా చెమట. లోపల ముగ్గురు బేరగాళ్ళు కూర్చుని ఉన్నారు. అందులో ఒకాయన, ఏమ్మా, మెకానిక్కు గారి బండే మొరాయిస్తే మా గతేమిటని అడిగాడు. ఆమె నోరు విప్పితే పెద్ద మెకానిక్కు పని అయిపోయినట్టే.

“పాత బండి కదండీ, ప్లేట్లు అరిగాయి” అంది ఆమె.

అతనికి ప్రాణం కుదుటపడాలి. పడలేదు. వాళ్ళు టీకి లేవగానే దగ్గరకి వెళ్ళి, ప్లేట్లని నీకెవరు చెప్పారని అడిగాడు.

“మరిది చెప్పాడు. దారిలోనే కదా, ముందు అక్కడికే తోసుకెళ్ళాను. మూత విప్పి చూశాడు. చూసి, మళ్ళీ మూసేశాడు. ప్లేట్లు అరిగాయని చెప్పి అన్నయ్య దగ్గరికే తీసుకెళ్ళు వదినా అన్నాడు.”

స్ప్రింగులు చూశాడన్నమాట. చూసి కప్పిపుచ్చాడన్నమాట. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది, వీధిలో నిలబెట్టి నవ్వినా బాగుండేది. వాడు మంచివాడు కావడం కంటే పెద్ద దెబ్బ పెద్ద మెకానిక్కుకి ఇంకోటి లేదు. తల కొట్టేసినట్టు అక్కడున్న టైరు మీద కూర్చున్నాడు.

“ప్లేట్లు కాదు” అన్నాడు.

“తెలుసు” అంది. “పెద్ద నర్సమ్మకి ఫోన్ చేశాను. తిరుగుడు నాకే ఉంచమన్నాను. రేపు పొద్దున్న బండి నడవాలి. ఎవరు చేస్తారో మీరే చెప్పండి.”

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే అతను కూడా కోప్పడి బయటపడేవాడు. ఆమె నిజంగానే అడుగుతోంది. తను చేస్తానంటే నమ్మి మళ్ళీ అప్పగిస్తుంది. అప్పగించి, మళ్ళీ బాగుందంటుంది.

లేచాడు. తను తీసిన పాత స్ప్రింగులు జేబులో వేసుకున్నాడు. చెత్త డబ్బాలోంచి నంగనాచి లివర్నీ, ఆ పొడుగు ఇనప చేతినీ ఏరి గుడ్డతో తుడిచాడు. బండి స్టాండు తీశాడు. దారిపొడుగునా జనం ఎక్కడికి మెకానిక్కు గారూ అని పలకరించారు. మొదటి ఇద్దరికీ ఊఁ అన్నాడు. మూడో మనిషికి, తోడల్లుడి దగ్గరికి, క్లచ్ పని, నాకు చేతకాలేదు అని చెప్పాడు. ఆమె పక్కనే నడుస్తూ అతని వైపు ఒకసారి చూసింది.

చిన్న మెకానిక్కు గబగబా చేతులు తుడుచుకుని ఎదురొచ్చాడు. అన్నయ్యా కూర్చోండి అని స్టూలు వేశాడు. పెద్ద మెకానిక్కు కూర్చోలేదు. మూత విప్పి, తను పెట్టినవి తీసి, పాత స్ప్రింగులు తనే బిగించాడు. బిగించి లివర్ చేతికిస్తూ, ఇక్కడి నుంచి నువ్వేం చేశావో నాకు చూపించు అన్నాడు.

చిన్న మెకానిక్కు లివర్ తీసుకోలేదు. “ఇప్పుడే మార్చకండి అన్నయ్యా. వదినా, నువ్వు ఎక్కి కూర్చో. ఈ పాతదే ఒక ఇరవై సార్లు నొక్కు.”

ఆమె ఎక్కి కూర్చుని నొక్కడం మొదలుపెట్టింది. పెద్ద మెకానిక్కు అలవాటుగా వంగి కేబుల్ వైపు చూశాడు.

“అటు కాదు. వదిన మొహం చూడండి.”

చూశాడు. మూడుసార్లు, నాలుగుసార్లు ఆమె మామూలుగానే ఉంది. వేళ్ళ చివర్లు మాత్రమే లివర్‌కి అందుతున్నాయి. ఏడోసారికి కింది పెదవి పళ్ళ కిందకి వెళ్ళింది. తొమ్మిదోసారికి ఎడమ కన్ను సన్నగా ముడుచుకుంది. అతను చూస్తున్నాడని గమనించి, గబుక్కున మొహం సర్దుకుని, షెడ్డులో అందరితోపాటు నవ్విన ఆ నవ్వే నవ్వబోయింది. పదకొండోసారికి అదీ చేతకాలేదు.

పద్దెనిమిదేళ్ళు కాపురం చేసి తను ఒక్కసారీ చూడని మొహాన్ని ఆ పక్కన నిలబడ్డవాడు శనివారమే గంటసేపు చూశాడు. ఇంతకాలం అసూయ పడింది ఒక లివర్ గురించి. పడాల్సింది దీని గురించి.

“ఇక చాలు, నొక్కకు” అన్నాడు పెద్ద మెకానిక్కు. ఆమె ఇంకా లెక్కపెడుతూ నొక్కుతూనే ఉంది.