పదకొండు జతల కట్టుడు పళ్లు

డాక్టర్ ఏసురత్నం రిటైరై నెల కూడా కాలేదు, కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు మారేడ్‌పల్లిలో జనం చేత నోళ్లు తెరిపించిన మనిషి, ఇప్పుడు తన నోరు తెరిస్తే వినే నాథుడు లేడు. కుడిచేతికి వణుకు మొదలయ్యాక క్లినిక్‌ను తన దగ్గరే పని నేర్చుకున్న అనుపమకు అప్పగించేశాడు. అప్పగించాడన్న మాటే గానీ రోజూ పొద్దున్నే అక్కడ ప్రత్యక్షం. ఆమె పేషెంటు నోట్లో అద్దం పెడితే వెనకనుంచి ఈయన తొంగిచూస్తాడు. నాలుగు రోజులు ఓర్చుకుని ఐదోరోజు ఆ పిల్ల, "సార్, పేషెంట్లు నన్ను వదిలేసి మీ మొహం చూస్తున్నారు. కొన్నాళ్లు రెస్ట్ తీసుకోండి సార్" అంది. మర్యాదగానే అంది. అందుకే మరీ గుచ్చుకుంది.

ఆనాటి నుంచి ఎవరు కనబడినా చూపు పళ్ల మీదే. కూరగాయలమ్మే ఆమెకు పుచ్చుపన్ను, చర్చిలో కొత్త పాస్టరుగారికి చిగుళ్ల వాపు. చెప్పబోతే భార్య ప్రిసిల్లా మోచేత్తో పొడిచేది. చెయ్యి వణికే పళ్లడాక్టరు ఇంకెవరికి పనికొస్తాడు? ఈ ప్రశ్న ఆయన్ని కూర్చోనిచ్చేది కాదు, పడుకోనిచ్చేది కాదు.

"ఇంట్లో ఉంటే నా ప్రాణం తీస్తారు, పదండి" అంటూ ఒక శనివారం ప్రిసిల్లా తమ చర్చి స్త్రీల సమాజం వాళ్లతోపాటు ఆయన్నీ బొల్లారంలోని వృద్ధాశ్రమానికి లాక్కెళ్లింది.

వెళ్లేసరికి అక్కడ భోజనాల గదిలో గోలగోలగా ఉంది. చర్చివాళ్లు వస్తున్నారు కదా, అందరూ శుభ్రంగా కనబడాలని కొత్త ఆయా నవత అందరి కట్టుడు పళ్లూ పోగేసి, ఒకే టబ్బులో వేసి కడిగిందట. కడగడం బ్రహ్మాండంగా కడిగింది. ఏవి ఎవరివో మాత్రం ఇక దేవుడికే తెలియాలి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. పదకొండుమంది బోసినోళ్లతో అన్నం ముందు కూర్చున్నారు. సోమయ్య అనే పెద్దాయన చేతికందిన జత బలవంతంగా ఇరికించుకుని, "గివి నావే. జెర టైట్ అయినయ్, గంతే" అని మొండికేశాడు.

ఏసురత్నం ఎవరూ అడక్కుండానే చొక్కా చేతులు మడిచాడు. సోమయ్య నోట్లోవీ తీయించి, టబ్బును కిటికీ దగ్గరికి లాక్కుని ఒక్కో జతనూ తిప్పి చూశాడు. పళ్ల అరుగుదల చూస్తే చాలు, మనిషి ఎటువైపు నములుతాడో ఆయనకు తెలిసిపోతుంది. దవడలూ మొహాలూ చూసి ఏడు జతలు తేల్చేశాడు. మిగతా నాలుగింటికి నోట్లో వేలు పెట్టి చిగుళ్లు తడమక తప్పదు. అక్కడ చెయ్యి వణికింది. అందరూ చూస్తుండగా వణికింది. సిగ్గుతో చచ్చిపోయి చెయ్యి వెనక్కి లాక్కుని, లేచి వెళ్లిపోబోయాడు.

ఎదురుగా బోసినోటితో కూర్చున్న సుమిత్ర, ఒకప్పుడు బట్టలు కుట్టి బతికిన మనిషి, ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వణికితే ఏమైతది సార్, నేను పట్టుకుంటా గద. సూదిల దారం ఎక్కియ్యనీకి నాకు సుత ఒకరు గిట్లనే పట్టుకుంటరు."

ఆమె పట్టుకుంది, ఆయన తడిమాడు. అసలు జత చేతికిచ్చాక సోమయ్య పెట్టుకుని రెండుసార్లు నమిలి చూసి, "అరె, గివే నావి" అని ఒప్పుకున్నాడు. పదకొండూ తేలాయి. నవత కళ్లు తుడుచుకుని వడ్డన మొదలుపెట్టింది.

అందరూ తింటున్నారు, సుమిత్ర మాత్రం తన పళ్లు తీసి పక్కన పెట్టుకుంది.

"అవి మీవేనమ్మా, నేను చూశాను కదా" అన్నాడు ఏసురత్నం కంగారుగా.

"నావే సార్. గీడ చిగుళ్లు కోస్తయి. రెండేండ్ల సంది నానేసిన అన్నమే తింటున్న. మీ దవాఖాన యాడుంది? నేను ఎప్పుడు రావాలె?"

ఆయన మారేడ్‌పల్లి అనబోయి ఆగాడు. ఈసారి ప్రిసిల్లా పొడవలేదు.

"దవాఖాన లేదమ్మా. మీరెక్కడికీ రానక్కర్లేదు. సోమవారం నేనే వస్తాను" అన్నాడు. అన్నాక, సోమవారం దాకా ఎలా ఆగాలో తోచక, "రేపు ఆరాధన కాగానే వచ్చేస్తాను" అని దిద్దుకున్నాడు.