కరీం సార్ వేసిన సున్నా

అయిదు తూటాలూ బొమ్మ గుండెలోనే దిగాయి. అయినా సింగపూర్ ఆగ్జిలరీ (సహాయక) పోలీస్ ట్రైనింగులో కరీం సార్ అరుణశ్రీకి సున్నా వేశాడు. ఆ బొమ్మ వెనక ఆయన ఒక ముసలావిడ బొమ్మ కూడా నిలబెట్టాడు. తూటాలు దాన్నీ చీల్చుకుపోయాయి.

"నీ గురికి వంక లేదమ్మా. వెనకెవరున్నరో చూసినవా?" అన్నాడు.

ఆయన సున్నా రాసిన ఆ టార్గెట్ కాగితాన్ని ఇంటికి తెచ్చుకుని, ఆయన్ని నెలరోజులు తిట్టుకుంది.

నిన్న పొద్దున బుకిట్ బటోక్‌లో డ్యూటీలో ఉండగా ఒకడు కత్తి దూసి మీదికొచ్చాడు. ఆమె రివాల్వర్ తీసి ఛాతీకి గురిపెట్టింది. కాలికి కొట్టొచ్చుగా అనేవాళ్లు పరిగెత్తే కాలికి గురిపెట్టి చూడాలి! అంతలో వాడి వెనక, కూరల సంచితో ఒక చైనీస్ ముసలమ్మ కనబడింది. అరుణశ్రీ చప్పున రెండడుగులు పక్కకి జరిగింది. ఇప్పుడు వాడి వెనక ఉన్నది ఉత్త గోడ.

"డ్రాప్ ఇట్!" అని గట్టిగా అరిచింది.

వాడు ఆగిపోయాడు. కత్తి కిందపడింది. రివాల్వర్‌లో అయిదు తూటాలూ అలాగే ఉన్నాయి.

ఇవాళ ఆ కాగితం పట్టుకుని కరీం సార్ ఇంటికెళ్లింది.

"మార్కులు మార్చమంటవా ఏంది?" అని నవ్వాడాయన.

"వద్దు సార్, ఫ్రేము కట్టించుకుంటా. ఆ సున్నా కింద సంతకం పెట్టండి."