ఎవరి ఫోన్లో వాళ్ళే ముందు

మనవరాలి పేరు దగ్గర తగవు రాకూడదని నా కొడుకు గోకుల్ ఒక కట్టుబాటు చేశాడు. కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఎవరి పేరు ముందు పడితే ఆ పేరే బిడ్డకు. పడిన తరువాత ఎవరూ గొణగకూడదు.

ఆ మాట వచ్చేసరికి నేను తిరువళ్లూరు నుంచి తిరుత్తణి పోయే బస్సులో ఉన్నాను. మరునాడే బారసాల, వియ్యపురాలు అలిమేలమ్మ ఇంట్లో. కనకమ్మ సత్రం దాటుతుండగా అద్దాలు తగిలించుకుని, బస్సు కుదుపుల్లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాను: "మీ నాయన చెప్పిన పేరు కనకవల్లి." ఆడబిడ్డ పుడితే ఆ పేరేనని ఆయన బతికున్నన్నాళ్ళూ అనేవారు. ఆ పేరు తప్ప ఆయన వైపు నుంచి ఈ బిడ్డకు చేరేది ఇంకేమీ లేదు.

నా ఫోన్లో గోకుల్ మాట కింద నాదే మొదటిది. నెగ్గానని కిటికీకి తల ఆనించి హాయిగా నిద్రపోయాను.

మరునాడు ఉయ్యాలకు పూలు చుడుతూ అలిమేలమ్మ "దేవయానీ, దేవయానీ" అని పాడుతోంది.

"ఏం వదినా, బిడ్డ పేరు కనకవల్లి గదా?" అన్నాను.

"మీ గ్రూపులో అట్లుండాదేమో. మా గ్రూపులో దేవయానే ముందు పడింది."

"రెండు గ్రూపులు యాడుండాయి? ఇదో చూడండి."

ఆవిడ తన ఫోన్ కూడా తీసింది. నా దాంట్లో నాది పైన, ఆవిడది కింద. ఆవిడ దాంట్లో ఆవిడది పైన, నాది కింద.

"దొంగ ఫోను వదినా మీది," అందావిడ.

"మీది దానికి అక్క."

గోకుల్ వచ్చి ఇద్దరి మధ్య కూర్చున్నాడు. "అమ్మా, నువ్వు రాసినప్పుడు బస్సులో సిగ్నల్ లేదు. నువ్వు రాసిన చోటనే నీ ఫోను దాన్ని పెట్టుకునింది. టవర్ దొరికినాకనే బయటికొచ్చింది. అంతలోపల అత్త రాసింది మాకు వచ్చేసింది."

"అయితే నా ఫోన్లో చూద్దాం," అంది కోడలు అభినయ, ఏమీ ఎరగనట్టు.

చూశాం. మా గొడవలో మేమిద్దరం పట్టించుకోని 'యువరాణి' అందరికన్నా పైన ఉంది. రాసింది అభినయే.

"పేరు రాసినోళ్ళు పంచాయితీ చెప్పకూడదు," అన్నాను.

రాయనివాడు గోకుల్ ఒక్కడే. వాడి ఫోన్లో ఎట్లా పడ్డాయో అదే అందరికీ వరస అని ఒప్పుకున్నాం. వాడు చదివాడు: దేవయాని, యువరాణి, కనకవల్లి.

నాది చివర. తీర్పు అడిగింది నేనే కాబట్టి గొణగడానికీ లేదు. తాంబూలం పళ్ళెం పట్టుకుని గడప దగ్గరికి పోయి నిలబడ్డాను.

బిడ్డ చెవిలో పేరు చెప్పే వేళయింది.

"ఏంది వదినా, అంత దూరం పోయినారు? అక్కడేమన్నా సిగ్నల్ బాగా దొరుకుతాదా?" అని అలిమేలమ్మ వచ్చి, నా చెయ్యి పట్టుకుని ఉయ్యాల దాకా లాక్కొచ్చింది. తరువాత అందరి వైపూ తిరిగింది. "వరస ప్రకారం చెవిలో పేరు చెప్పేది ముందు నేనే గదా? కాదనేవాళ్ళు ఉండారా?"

ఆవిడ వంగింది. గుసగుసలాడడం ఆవిడకు జన్మలో చేతకాదు. పక్క వీధి దాకా వినబడింది.

"కనకవల్లీ!"

"అత్తా, మీరు రాసింది దేవయాని గదా?" అన్నాడు గోకుల్.

"సుమ్మా, ఊరికే ఉండండి అల్లుడూ. ముందు చెప్పేది నేను. ఏం చెప్పాల్నో నా ఇష్టం." ఉయ్యాల తాడు సవరిస్తూ గొంతు తగ్గించింది. "వదినా, అన్నగారు చెప్పిన మాట ఎప్పుడో బయల్దేరింది. దోవలో టవర్ లేక ఆలస్యమైంది, అంతే గదా?"

నా వంతు వచ్చినప్పుడు వంగి, బిడ్డ చెవిలో "దేవయానీ" అన్నాను.

బిడ్డ కళ్ళు తెరవకుండానే ఆవలించింది.

"చూసినారా వదినా," అంది అలిమేలమ్మ, "మీకింకా నీలం టిక్కు పడలే."