చెప్పినంత మట్టుకే

మా చర్చి వెనక ఆదివారం బడి గది ఒకటి ఉంది. ఆదివారం పిల్లలు కూర్చునే పొట్టి కుర్చీల్లోనే, వారం మధ్యలో సాయంత్రాలు పెద్దవాళ్ళు కూర్చునేవారు. బస్సు డ్రైవరు కూర్చుంటే ఆయన మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. గోడల మీద పిల్లలు రంగులు వేసిన గొర్రెపిల్లలు, వాటి కింద మా అక్క, చేతిలో సుద్దముక్క.

అక్క నర్సుగా రిటైరైన తరవాత ఆ క్లాసు మొదలుపెట్టింది. బోర్డు మీద పరిచర్య శిక్షణ అని రాసేవారు. పాస్టర్లు కాని మామూలు సభ్యులకు, జబ్బుపడ్డవాళ్ళ దగ్గరకూ మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళకూ వెళ్ళి ప్రార్థన చేయడం నేర్పేది. దానికి శిక్షణ ఎందుకని కొందరు నవ్వారు.

"ప్రార్థనకు కూడా ట్యూషనా సిస్టరమ్మా?" అన్నాడు సరుకుల కొట్టాయన.

"వార్డులో నేను విన్న ప్రార్థనల్లో సగం రోగి కోసం చేసినవి కావు బాబూ. పక్క మంచాలకు వినబడాలని చేసినవి" అంది అక్క.

ఆయన తరవాతి క్లాసుకు వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

అక్క నేర్పింది చాలా చిన్న విషయం. వెళ్ళినవాళ్ళు ముందు కూర్చోవాలి. వినాలి. అడగదలుచుకున్నది అప్పుడే అడగాలి, కళ్ళు మూసుకున్నాక ఇక అడగకూడదు. ఆ ఇంటివాళ్ళు ఎంత చెప్పారో అంత మట్టుకే దేవుడితో చెప్పాలి. మనకు తెలిసిందైనా సరే, ఊహించగలిగిందైనా సరే, వాళ్ళ నోట రానిది కలపకూడదు. దీన్ని క్లాసులో ఇద్దరిద్దరుగా అభ్యాసం చేసేవారు. ఒకరు రోగిగా కూర్చుని తమ బాధ చెప్పాలి, రెండోవారు విని ప్రార్థించాలి. ప్రార్థనలో సొంత మాట దొర్లితే రోగి బల్ల మీద వేలితో కొట్టాలి.

నన్ను తరచుగా రోగిగా కూర్చోబెట్టేది అక్క. నేను బళ్ళో తెలుగు చెబుతాను. పిల్లల వ్యాసాలు దిద్దీ దిద్దీ, ఎక్కువైన మాట ఎక్కడున్నా ఇట్టే వినబడుతుంది నాకు. బాగా మాట్లాడగలవాళ్ళే మొదట్లో ఎక్కువ తప్పులు చేసేవారు. ప్రార్థన అందంగా ముగిసిపోయేది, అందులో చెప్పుకున్న మనిషి మాత్రం ఉండేవాడు కాడు. అక్క ఎవరినీ కోప్పడేది కాదు. "ఇప్పుడు నీ ప్రార్థన అయిపోయింది కదా. ఇక ఆయనది చెయ్యి" అనేది. వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టేవారు. పగలంతా పనిచేసి అలిసి వచ్చిన మనుషులు, ఆ పొట్టి కుర్చీల్లో ముడుచుకుని కూర్చుని, తమ మాటల్ని తామే తగ్గించుకోవడం నేర్చుకుంటుంటే చూసి నాకు గౌరవం కలిగేది. నా తరగతుల్లో అంత మంచి విద్యార్థులు అరుదు.

అందరిలోకీ కష్టపడింది కుట్టుపనావిడ. ఆవిడ ప్రార్థన మొదలుపెడితే బల్ల మద్దెలయ్యేది. అందులో ఆవిడ తప్పు కూడా పెద్దగా లేదు. కొలతలిచ్చేవాళ్ళు చేతులు చాపుకుని నిలబడి ఊరికే ఉండలేరు, ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు. చుట్టుపక్కల ఏ ఇంట్లో ఏ పొయ్యి మీద ఏముందో ఆవిడకు తెలుసు. తెలిసింది తెలియనట్టు ఉండటం ఆవిడ వల్ల అయ్యేది కాదు.

"నీది నోరు కాదే, కుట్టుమిషను. కాలు ఆడినంతసేపూ ఆడుతుంది" అంది ఒకసారి అక్క.

"మధ్యలో ఆపితే దారం తెగుతుంది సిస్టరమ్మా" అందావిడ.

క్లాసంతా నవ్వింది. కానీ ఆవిడ ఎందుకొస్తోందో అందరికీ తెలుసు. చాలా ఏళ్ళ కిందట ఆవిడ బిడ్డను పోగొట్టుకుని, అక్క పనిచేసిన ఆస్పత్రిలోనే ఆడవాళ్ళ వార్డులో పడుకుని ఉంటే, ఎవరో పెద్దమనిషి వచ్చి మంచం పక్కన నిలబడి దేశంలో శాంతి కోసం, నాయకుల జ్ఞానం కోసం, పంటల కోసం ప్రార్థన చేసి వెళ్ళాడట. "నా పేరైనా అడగలేదు. ఆ వార్డుకి నేను వెళ్ళాలి" అని మొదటి రోజే చెప్పింది. ఇప్పుడు ఆస్పత్రివాళ్ళు ఆ వార్డులోకి ఆడవాళ్ళనే రానిస్తారు, అదీ శిక్షణ ముగించి చర్చి తరఫున వచ్చినవాళ్ళనే.

క్లాసు సగంలో ఉండగా అక్క పోయింది. ఆ పొద్దున ఛాతీలో బరువుగా ఉందని చెప్పి, నన్ను మాత్రం బడికి వెళ్ళమంది. నేను వెళ్ళలేదు. దాని గురించి ఇంతవరకే రాయగలను.

ఆ తరవాత నేను క్లాసుకు పోవడం మానేశాను. చర్చికి వెళ్ళి వచ్చేదాన్ని. ఇంటికి వచ్చినవాళ్ళకు టీ ఇచ్చేదాన్ని. వాళ్ళు ప్రార్థన చేస్తామంటే, "ఇంకోసారి చేద్దురుగాని" అని వాకిలి దాకా సాగనంపేదాన్ని. వాళ్ళు తెచ్చే మాటలేమిటో నాకు ముందే తెలుసు. అవి మంచి మాటలే. నాకు వినే ఓపిక లేదు.

ఒక మధ్యాహ్నం పాస్టరు గారు మా బడికి వచ్చాడు. చిన్నవాడు, అక్క క్లాసును అక్క నియమాలతోనే కొనసాగిస్తున్నాడు. స్టాఫ్ రూములో అందరూ భోజనాల హడావిడిలో ఉంటే వరండాలోకి వచ్చి నిలబడ్డాను.

"మీ ఇల్లు కావాలమ్మా" అన్నాడు.

"ఇల్లా?"

"పరీక్షకు. ఆఖరి పరీక్ష నిజం ఇంట్లోనే జరగాలని సిస్టరమ్మ నియమం కదా. ఇంటివాళ్ళు బాగుందంటేనే పాసు. అందరూ అయిపోయారు. కుట్టుపనావిడ ఒక్కతే మిగిలింది."

"ఆవిడ పరీక్ష అయిందన్నారే?"

అతను తల గోక్కున్నాడు. "అయింది. తుంటి ఎముక విరిగిన పెద్దాయన ఇంటికి పంపాను. ఆయన కాలి గురించి చెప్పుకున్నాడు. ఈవిడ కాలు అయ్యాక, ప్రభువా, కొడుకుతో ఈయనకున్న గొడవ తీర్చు అంది."

"గొడవ సంగతి ఆయన చెప్పలేదా?"

"చెబితే ఇంకేం! ప్రార్థన మధ్యలోనే అరిచాడు. దేవుడికి చెప్తే చెప్పావు గానీ, ఎదురింటికి కూడా చెప్పాలా అన్నాడు. విరిగిన కాలితో లేవబోయాడమ్మా, నేను పట్టుకున్నాను."

చాలా రోజుల తరవాత నాకు నవ్వొచ్చింది. అది అతనూ చూశాడు.

"ఇదే ఆవిడకు ఆఖరి అవకాశం. ఇది పోతే వచ్చే బ్యాచి దాకా ఆగాలి. వచ్చే బ్యాచి ఉంటుందో లేదో, సిస్టరమ్మ లేకుండా..." అని ఆగాడు. "వేరే ఇళ్ళు దొరుకుతాయి. కానీ వాళ్ళంతా జాలిపడి పాసు చేసేస్తారు. మీరు చేయరు."

అది మెచ్చుకోలో దెప్పిపొడుపో తేల్చుకోలేక ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నాక ఆలోచించాను. ఆవిడకు అక్క సంగతి అంతా తెలుసు. ఆ పొద్దున మా వాకిట్లోకి పరుగెత్తుకొచ్చినవాళ్ళలో ఆవిడా ఉంది. అక్కకు ఆఖరిసారి తొడిగిన బట్టలు ఆవిడ కుట్టినవే. నేను మాత్రం అక్క గురించి ఒక్క మాటా చెప్పదలుచుకోలేదు. నేను చెప్పనిది ఆవిడ చెప్పకుండా ఉండగలిగితే వార్డుకు వెళుతుంది, లేకపోతే లేదు. పరీక్ష అదే. అందులో కనికరానికి చోటు లేదనుకున్నాను.

శనివారం భోజనాలయ్యాక ఇద్దరూ వచ్చారు. ఆవిడ మిషను మీద నుంచి నేరుగా లేచి వచ్చినట్టుంది, మెళ్ళో కొలత టేపు అలాగే వేలాడుతోంది. ముందుగదిలో నా కుర్చీ, అక్క కుర్చీ ఎదురెదురుగా ఉన్నాయి. ఆవిడ ఒకసారి చూసి, గోడ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. పాస్టరు గారు తలుపు దగ్గర కూర్చున్నాడు.

ఆవిడ పెదవులు బిగబట్టుకుని కూర్చుంది.

"ఎలా ఉన్నారు టీచరమ్మా?"

"బాగానే ఉన్నాను."

"తింటున్నారా?"

"తింటున్నాను."

"ఊఁ."

ఆ ఊఁ తరవాత ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ అంతసేపు ఊరుకోవడం నేనెప్పుడూ చూడలేదు. చివరికి నేనే మాట్లాడాను.

"వెనక కిటికీ గడియ పడటం లేదు. గాలికి కొట్టుకుంటోంది."

"నిద్ర పడుతోందా?"

"లేదు."

"ఇంకా?"

"తొమ్మిదో తరగతి వ్యాసాలు దిద్దాలి. కట్ట విప్పలేదు. ఎప్పుడూ ఇంత ఆలస్యం చేయను."

"ఇంకా టీచరమ్మా?"

"మోకాలు."

"ఏ మోకాలు?"

"ఎడమది."

పాస్టరు గారు దగ్గాడు. ఆవిడ అతని వైపు చూడలేదు. "ప్రార్థన చేయమంటారా?" అని నన్ను అడిగింది. చేయమన్నాను. ఇద్దరం కళ్ళు మూసుకున్నాం.

"ప్రభువా, ఈ ఇంట్లో వెనక కిటికీ గడియ పడటం లేదు. గాలికి కొట్టుకుంటోంది. టీచరమ్మకు నిద్ర పట్టటం లేదు. తొమ్మిదో తరగతి పిల్లల వ్యాసాలు దిద్దాలి, కట్ట ఇంకా విప్పలేదు. ఎప్పుడూ ఇంత ఆలస్యం చేయరు. మోకాలు నొప్పి..."

నొప్పి అని నేను అనలేదు. నా వేలు కుర్చీ చేతిమీద లేచింది. వేలు కిందికి దిగేలోపే ఆవిడ సర్దుకుంది.

"మోకాలు అన్నారు ప్రభువా. ఎడమది."

అక్కడ ఆగింది. నేను మిగతా మాటల కోసం చూశాను. ఇక ఓదార్పు వస్తుంది, అక్క మేలైన చోటికి వెళ్ళిందన్న మాట వస్తుంది, అక్క చేసిన సేవ వస్తుంది. ఏదీ రాలేదు. ఆవిడ మింగుతున్న గుటకలు మాత్రం వినబడుతున్నాయి. గడియ, కట్ట, మోకాలు. ఇన్నాళ్ళుగా నా దగ్గర ఉన్నవి ఇవే. వాటికి ఒక్క నగా పెట్టకుండా, ఒక్కటీ వదిలేయకుండా, ఆవిడ తీసుకెళ్ళి దేవుడి ముందు పెట్టింది. చెప్పాలనున్న మాటలు అన్ని ఉండి కూడా వాటిని అలా అదిమిపెట్టుకోవడానికి ఎంత బలం కావాలో నాకు తెలుసు. నేను చేస్తున్నదీ అదే.

ఆమెన్ రావలసిన చోట ఆవిడ గొంతు చిన్నగా వినబడింది.

"ఇంకేమైనా ఉందా టీచరమ్మా?"

తలుపు దగ్గర కుర్చీ కిర్రుమంది. కళ్ళు మూసుకున్నాక అడగకూడదు. నా వేలు ఇంకా గాలిలోనే ఉంది. బల్ల కొట్టినట్టు కొట్టవచ్చు. నేను కొట్టలేదు.

"అక్క" అన్నాను.

దాని తరవాత ఒక వాక్యం ఉండాలి. అది రాలేదు. ఆవిడ దానికోసం చాలాసేపు ఆగింది.

"అక్క అన్నారు ప్రభువా" అంది. "అంతే అన్నారు. ఆమెన్."

కళ్ళు తెరిచేసరికి ఆవిడ నుదురు కొట్టుకుంటోంది.

"అయ్యో నా మతి మండ! అడిగేశాను కదూ? అలవాటు టీచరమ్మా. బట్ట మీద కత్తెర పెట్టేముందు ఆ మాట అడక్కపోతే నాకు చెయ్యి ఆడదు. జేబు కావాలనో, పొడుగు వదలమనో అప్పుడే చెప్తారు జనం. కోసేశాక చెప్తే ఏం లాభం?"

"నియమం స్పష్టంగా ఉంది" అన్నాడు పాస్టరు గారు, తన వల్లే తప్పు జరిగినట్టు. "నేను అనడం కాదు, సిస్టరమ్మ..." అని నా వైపు తిరిగాడు. "చెప్పాల్సింది మీరేనమ్మా."

"నియమం తప్పింది" అన్నాను.

"తప్పింది" అందావిడ. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "దాన్ని కాదనేదేముంది."

నేను మాటలు వెతుక్కున్నాను. తప్పుడు మాట పడితే ఆవిడ వార్డు పోతుంది, లేదా అక్క క్లాసు పోతుంది.

"అక్క ఆ నియమం ఎందుకు పెట్టిందో నాకు తెలుసు. కళ్ళు మూసుకున్న మనిషికి తప్పించుకునే వీలుండదు, అప్పుడు గుచ్చి అడిగితే చెప్పకూడనిది కూడా చెప్పేస్తుంది. ఈవిడ గుచ్చలేదు. ఫలానాది ఉందా అనలేదు, ఇంకేమైనా అంది. నేను ఒక్క మాట అన్నాను. దాన్ని రెండు చేయలేదు." పాస్టరు గారి వైపు చూశాను. "అంత తెలిసీ రెండు చేయలేదు. పాసు."

"మరి క్లాసులో ఏం చెప్పమంటారు? అడగొచ్చనా?"

"ఒక్కసారి అడగొచ్చు. జవాబు రాకపోతే ఆమెన్ అనేయాలి. అలా చెప్పండి."

"సిస్టరమ్మ పేరు మీద చెప్పనా?"

"వద్దు. అక్కకు ఇది తోచలేదు. ఈవిడ పేరు మీదే చెప్పండి."

"నా పేరెందుకు తల్లీ!" అంది కుట్టుపనావిడ. "ఆ పెద్దాయన వింటే రెండో కాలు కూడా విరగ్గొట్టుకుంటాడు." నవ్వుతూనే ఉంది, కళ్ళు మాత్రం కారిపోతున్నాయి. కొలత టేపు కొసతో తుడుచుకుంది. "అయితే నేను సోమవారమే వెళ్ళొచ్చా?"

"వెళ్ళొచ్చు" అన్నాడు పాస్టరు గారు.

ఆవిడ స్టూలు ముందుకు లాక్కుని, అసలైన పని ఇప్పుడే మొదలైనట్టు నన్ను అడిగింది. "ఆ వార్డులో కూర్చోవడానికి ఏమైనా ఉంటుందా టీచరమ్మా, నిలబడే మాట్లాడాలా? నేనున్నప్పుడు ఏమీ ఉండేది కాదు. ఆ పెద్దమనిషి అందుకే అంత తొందరపడ్డాడేమో, పాపం."

"స్టూళ్ళున్నాయి" అన్నాను. "మంచాల కింద ఉంటాయి, లాక్కోవాలి. అవి అక్క పోట్లాడి తెప్పించినవే. ఊడవడానికి అడ్డమని పై అధికారులు వద్దన్నారు. అప్పుడు అక్క ఏం చేసిందంటే..."

పాస్టరు గారు వెళ్ళాలని లేచాడు. నేను చెబుతూనే ఉండటం చూసి మళ్ళీ కూర్చున్నాడు.